అప్‌డేట్: రైస్‌మిల్లులో తమ్ముడి బొటనవేలు పోయిన కేసు

కాంట్రాక్టర్ కింద పనిచేస్తూ 2024లో మా తమ్ముడు కుడి చేతి బొటనవేలు పోగొట్టుకున్నాడని, మిల్లు యజమాని "వాడు నా మనిషి కాదు" అంటున్నాడని, ఏం చేయాలని ఇంతకుముందు మిమ్మల్ని అడిగాను కదా. మీరు చెప్పినట్టే కార్మిక శాఖలో పరిహారం కేసు వేశాం. ఆర్డర్ మాకు అనుకూలంగా వచ్చింది!

ప్రమాదం జరిగినప్పుడు అమల్లో ఉన్న 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం 12వ సెక్షన్ ప్రకారం కాంట్రాక్టర్ మనిషికైనా అసలు యజమానే కట్టాలి, తర్వాత కాంట్రాక్టర్ దగ్గర రాబట్టుకోవచ్చు. బొటనవేలు పోతే సంపాదన శక్తిలో 30 శాతం నష్టమని ఆ చట్టం షెడ్యూల్లోనే (గాయాల పట్టికలో) ఉంది. నెలలోగా ఇవ్వనందుకు ఏడాదికి 12 శాతం వడ్డీ కూడా వేశారు. హాజరు పుస్తకంలో వాడి పేరే లేదు, ఫోన్‌పేలో పడిన కూలి డబ్బులే వాడు అక్కడ పనిచేశాడనడానికి ఆధారమై మమ్మల్ని కాపాడాయి. చొక్కా గుండీ పెట్టుకోవడానికి వాడు ఇప్పటికీ అవస్థ పడుతున్నాడు, ఆ డబ్బు వాడి హక్కు.

ఇలాంటి కేసు రెండేళ్లలోపు వేయాలి, ఆలస్యం చేయకండి.