‘సహజ రోగనిరోధక శక్తి’లో సహజ అంటే ఏమిటి?

అందరికీ నమస్కారం. హెపటైటిస్ సి (వైరస్ వల్ల కాలేయానికి వచ్చే జబ్బు) మీద ఒక కరపత్రాన్ని తెలుగులో రాస్తూ ‘సహజ రోగనిరోధక శక్తి’ అన్నాను. మా అత్తయ్యకు చదివి వినిపిస్తే, "అంటే మందుల్లేకుండా మంచి తిండితో వచ్చేదా?" అని అడిగింది. ఆ మాట దగ్గరే ఆగిపోయాను.

సహజ అంటే సహ+జ, తోడబుట్టినది. కర్ణుడి సహజ కవచకుండలాల్లో ఉన్నది ఆ అర్థమే. కానీ సహజ వాయువు, సహజ ఎరువులు అని అలవాటై, ఇప్పుడు ‘కృత్రిమం కానిది’ అనే అర్థమే ముందు తడుతోంది. నాకు కావలసింది పాత అర్థం. ఈ వైరస్ కాలేయ కణంలో దూరాక ఆ కణం తెల్లకణాలు వచ్చేదాకా ఊరికే కూర్చోదు. లోపలే ఉన్న రిగ్-ఐ అనే ప్రొటీన్ వైరస్ ఆర్‌ఎన్‌ఏను పసిగట్టి, మైటోకాండ్రియా పైపొరకు అతుక్కుని ఉన్న మావ్స్ అనే ప్రొటీన్‌కు కబురు అందిస్తుంది. అక్కణ్నుంచి కబురు కేంద్రకానికి చేరి ఇంటర్‌ఫెరాన్లు అనే ప్రొటీన్లు తయారవుతాయి. అవి బయటికొచ్చి పక్క కణాలనూ హెచ్చరిస్తాయి. ఇది ఒకసారి జబ్బుపడి నేర్చుకున్న విద్య కాదు, తోడబుట్టినదే.

వైరస్ దగ్గరా ఒక కత్తెర ఉంది. తన ప్రొటీన్లను కత్తిరించుకోవడానికి వాడే ఎన్‌ఎస్3/4ఎ ఎంజైమ్‌తోనే మావ్స్‌ను పొర నుంచి తెంచేస్తుంది. కబురు మధ్యలోనే ఆగిపోతుంది. 2005లో ఇది తెలిసింది. కర్ణుడు తన కవచం తానే కోసి ఇచ్చాడు, ఇక్కడ కోసేది శత్రువే.

అదే కరపత్రంలో ఇంకోచోట, కొందరికి ఆరు నెలల్లోపు ‘సహజంగా’ తగ్గిపోతుందని కూడా రాశాను! ఒకే పేజీలో ఒకే మాట, రెండు అర్థాలు. దాన్ని ‘మందు లేకుండానే’ అని మార్చేశాను. మొదటిదానికి ‘పుట్టు రోగనిరోధకత’ బాగుంటుందా?

— పుట్టుగుడ్డి, పుట్టుచెవుడు అంటాం కదండీ. పుట్టు అనగానే లోపమే గుర్తొస్తుంది. ‘సహజాత’ అంటే సరిపోదా?

— నిజమేనండీ, పుట్టుమచ్చ ఒక్కటే దృష్టిలో పెట్టుకున్నాను. సహజాతం అంటే పక్షి గూడు కట్టుకోవడం లాంటి వాటికి స్థిరపడిపోయింది, అందుకే వెనకాడుతున్నాను. ప్రస్తుతానికి ఇలా రాశాను: "కాలేయ కణాలకు పుట్టుకతోనే ఒక రక్షణ ఉంటుంది. ఈ వైరస్ దాన్ని తెంచేయగలదు. అందుకే చాలామందికి మందులు వాడక తప్పదు." పుట్టుకతో, రక్షణ అనే రెండు మాటలూ అత్తయ్యకు వెంటనే అర్థమయ్యాయి.