వృద్ధాశ్రమానికి, ఆసుపత్రికి స్కూల్ బ్యాండ్: ఏ వాయిద్యాలు, ఏ పాటలు, ఎంతసేపు?

పీఈటీ_తెనాలి

అందరికీ నమస్కారం. మాది జడ్పీ హైస్కూల్. బ్యాండులో 8, 9 తరగతుల పిల్లలు 26 మంది ఉన్నారు. సైడ్ డ్రమ్ములు 8, బేస్ డ్రమ్ 1, సింబల్స్ ఒక జత, బ్యూగిళ్ళు 4, ప్లాస్టిక్ నిలువు ఫ్లూట్లు 10, బెల్ లైరా (లోహపు పలకల మీద కొట్టి స్వరాలు పలికించేది) 1, ట్రయాంగిల్ 1. ఇప్పటిదాకా జెండా పండుగలకు, మండల స్థాయి ఆటల పోటీలకే వాయించారు. ఈ ఏడాది నుంచి నెలకోసారి ఊళ్ళోని వృద్ధాశ్రమానికి, వీలైతే ఏరియా ఆసుపత్రికి, మండలంలోని భవిత కేంద్రానికి (ప్రత్యేక అవసరాలున్న పిల్లల కేంద్రం) తీసుకెళ్ళాలని హెచ్ఎం గారు, నేను అనుకుంటున్నాం. ఆశ్రమంలో హాలు 20 అడుగుల వెడల్పు, 30 అడుగుల పొడవు ఉంటుంది. 35 మంది దాకా పెద్దవాళ్ళు ఉంటారు.

హాల్లో మొత్తం బ్యాండు వాయిస్తే చెవులు తట్టుకుంటాయా? మా వాళ్ళకు వచ్చినవన్నీ మార్చింగ్ ట్యూన్లే, కొత్తగా ఏం నేర్పాలి? ఆగస్టు 15 ప్రభాత భేరికి జాగ్రత్తలేమైనా ఉన్నాయా? తెలిసినవాళ్ళు వివరంగా చెప్పండి.

బ్యాండ్‌మాస్టర్_ఏలూరు

మంచి పని మొదలుపెడుతున్నారు మాస్టారు. మొదటి ప్రశ్నకు జవాబు: తట్టుకోవు. పరేడ్ బ్యాండు మైదానం అవతలి చివరికి వినపడేలా తయారైంది. ఒక్క సైడ్ డ్రమ్మే దగ్గర నుంచి వింటే 100 డెసిబెల్స్ దాటుతుంది. 85 దాటిన శబ్దాన్ని ఎక్కువసేపు వింటే చెవికి చేటు అంటారు. మీరు చెప్పిన హాల్లో ఎనిమిది డ్రమ్ములు మోగితే ముందు వరుసలో ఉన్న పెద్దాయన చెవులు మూసుకుంటాడు, వెనక ఉన్నాయనకు పాటేదో అర్థం కాదు.

ఆశ్రమానికి 10 నుంచి 12 మందిని మించి తీసుకెళ్ళకండి. ఫ్లూట్లు 6, లైరా 1, సైడ్ డ్రమ్ 1, బేస్ డ్రమ్ 1, ట్రయాంగిల్ 1. సింబల్స్, బ్యూగిళ్ళు స్కూల్లోనే ఉంచేయండి. సైడ్ డ్రమ్ముకు కింద ఉన్న స్నేర్ తీగల మీట దించేయండి, ఆ గరగర పోతే సగం బాధ పోయినట్టే. పై హెడ్ (కొట్టే పొర) మీద మూడో వంతు కప్పేలా మడత పెట్టిన తువ్వాలు వేసి క్లిప్పు పెట్టండి. మామూలు పుల్లలు వద్దు. ఎండిన కొబ్బరి ఈనెలు 15 నుంచి 20 తీసుకుని, 14 అంగుళాలకు సమంగా కోసి, పట్టుకునే వైపు 5 అంగుళాల మేర ఇన్సులేషన్ టేపు గట్టిగా చుట్టండి. కొనే బ్రష్‌కు ఇది ఏమాత్రం తీసిపోదు. పచ్చి ఈనెలతో కట్టకండి, రెండో పాటకే వంగిపోతాయి. టేపు వదులైతే ఈనె జారి పిల్లాడి అరచేతిలో గుచ్చుకుంటుంది, కాబట్టి ప్రతిసారీ బయల్దేరే ముందు చూసుకోండి.

బేస్ డ్రమ్మును భుజానికి తగిలించొద్దు. నేల మీద దుప్పటి పరిచి దాని మీద నిలబెట్టి, ఒకవైపు హెడ్‌కు పాత దిండు ఆనించండి. కొట్టే గుదికి ఉన్ని మేజోడు తొడగండి. శబ్దం చెవిని కొట్టకుండా ఛాతీకి తగులుతుంది, తాళం పట్టడానికి అది చాలు.

పిల్లలు కుర్చీల్లో అర్ధచంద్రాకారంగా కూర్చోవాలి. మొదటి వరుసలోని పెద్దవాళ్ళకు, పిల్లలకు మధ్య 8 నుంచి 10 అడుగులు ఖాళీ వదలండి. నిలబడి వాయిస్తే తెలియకుండానే పరేడ్ ఊపు వచ్చేస్తుంది. మిగిలిన పిల్లలను వంతులవారీగా మార్చండి. ఈ నెల ఆశ్రమానికి రానివాళ్ళు వచ్చే నెల రావాలి. లేకపోతే డ్రమ్ములవాళ్ళు చిన్నబుచ్చుకుని ప్రాక్టీసుకే రావడం మానేస్తారు.

వేణుగానం

నేను ఫ్లూట్ల సంగతి చెప్తాను. బ్యాండులన్నీ తడబడేది ఇక్కడే.

ముందు మీ పది ఫ్లూట్లనూ తిరగేసి చూడండి. వేళ్ళు పెట్టే పద్ధతిని (ఫింగరింగ్) బట్టి నిలువు ఫ్లూట్లు రెండు రకాలు: జర్మన్ ఫింగరింగ్, బరోక్ ఫింగరింగ్. ముందువైపు రంధ్రాలను పైనుంచి లెక్కపెట్టి నాలుగోదీ అయిదోదీ పోల్చండి. నాలుగోది పెద్దగా, అయిదోది చిన్నగా ఉంటే జర్మన్. అయిదోది పెద్దదైతే బరోక్. రెండూ ఒకే బ్యాండులో కలిశాయంటే అందరూ ఒకే వేళ్ళు పెట్టినా ఎఫ్ అనే స్వరం దగ్గర శ్రుతి చీలిపోతుంది. మాస్టారు పిల్లాణ్ణి తిడతాడు, తప్పు మాత్రం ఫ్లూటుది. ఇకపై కొనేవి బరోక్ రకమే కొనండి. కారణం కిందే ఉంది.

ఈ ఫ్లూటులో అన్నిటికంటే కింది స్వరం సి. పిల్లలందరికీ సి నే షడ్జమంగా (సా) నేర్పిస్తాం. అలా నేర్పితే మంద్రంలో (కింది స్థాయిలో) ని, ద, ప వాయించడానికి చోటే ఉండదు. మార్చింగ్ ట్యూన్లకు ఇబ్బంది లేదు కానీ పాత సినిమా పాటల్లో సగం పల్లవిలోనే షడ్జమం కిందికి దిగుతాయి. పిల్లలు ఆ ఒక్క ముక్కను పై స్థాయికి ఎత్తేస్తారు, పాట గుర్తుపట్టలేకుండా అయిపోతుంది. అందుకని జి ని షడ్జమం చేసుకోండి, అంటే అయిదు శ్రుతి. మంద్ర మధ్యమం దాకా కిందికి దొరుకుతుంది. కొత్తగా నేర్పాల్సింది ఒక్క ఎఫ్ షార్ప్, అంటే నిషాదం. ఈ ఎఫ్ షార్ప్ జర్మన్ ఫ్లూట్లలో శ్రుతిగా పలకడం కష్టం. బరోక్ కొనమన్నది అందుకే. మీ లైరాలో ఎఫ్ షార్ప్ పలక ఉందో లేదో కూడా చూసుకోండి. లేకపోతే ఆ స్వరం దగ్గర లైరా ఊరుకోవాలి, పక్క పలక కొట్టకూడదు.

లైరా శ్రుతి మార్చలేం కాబట్టి ఫ్లూట్లే దానికి లొంగాలి. ఊపిరి వేడికి ఫ్లూట్ల శ్రుతి పెరుగుతుంది. పై ముక్కను ఒకటి రెండు మిల్లీమీటర్లు బయటికి లాగితే సరిపోతుంది. ఏసీ గదైతే ఇంకో చిక్కు: నోటి ఆవిరి ఫ్లూటు నోట్లో నీరై గాలి దారి మూసుకుపోతుంది. వాయించే ముందు ఐదు నిమిషాలు పై ముక్కను చంకలోనో అరచేతుల్లోనో పెట్టుకుని వెచ్చబెట్టాలి.

ఇక తాళం. మీ డ్రమ్ముల పిల్లలకు వచ్చింది రెండు రెండు లెక్క. సినిమా పాటల్లో చాలావాటిది తిశ్ర నడక, అంటే మూడు మూడు లెక్క. రెండు లెక్క మీద తిశ్రం పాటను ఎక్కిస్తే కుంటుతుంది. "తకిట తకిట" అని నోటితో చెప్పించి, మొదటి తకిటలో "త" గట్టిగా, రెండో "త" కొంచెం తక్కువగా, మిగతావి తాకీ తాకనట్టు. చేతితో తొడ మీద వచ్చాకే డ్రమ్ము ముట్టనివ్వండి. వేగం నిమిషానికి 80 నుంచి 90 దెబ్బలు ఉంటే పెద్దవాళ్ళు చప్పట్లు కలపగలరు. మెట్రోనోమ్ (వేగం తప్పకుండా టిక్కుటిక్కుమనే) యాప్ దగ్గర పెట్టుకోండి, డ్రమ్ముల పిల్లలు మూడో చరణానికి 110కి చేరిపోతారు.

పాటల ఎంపికకు ఒక లెక్క ఉంది. మనిషికి 15 నుంచి 25 ఏళ్ళ మధ్య విన్న పాటలే జీవితాంతం గట్టిగా గుర్తుంటాయి. ఇప్పుడు 78 ఏళ్ళున్నవారికి అవి దాదాపు 1962 నుంచి 1972 దాకా వచ్చినవి. వార్డెన్‌ను అడిగి వయసులు కనుక్కోండి, వాళ్ళనే నాలుగు పాటలు చెప్పమనండి. కీర్తనలు, భజనలు అడిగేవాళ్ళూ ఉంటారు, చర్చి పాటలు అడిగేవాళ్ళూ ఉంటారు. రెండూ ఉండాలి.

వార్డు_సిస్టర్

ఆసుపత్రి గురించి చెప్తాను. ప్రభుత్వం ప్రకటించిన చోట ఆసుపత్రి చుట్టూ 100 మీటర్లు నిశ్శబ్ద ప్రాంతం. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల్లో 6వ నిబంధన ప్రకారం అక్కడ డ్రమ్ము కొట్టినా, కొమ్ము ఊదినా, సంగీతం వాయించినా శిక్ష ఉంటుంది. కాబట్టి ఆవరణలో బ్యాండు కవాతు అనే ఆలోచన వదిలేయండి. సూపరింటెండెంట్ గారు రాతపూర్వకంగా ఒప్పుకుంటే తలుపులు మూసిన హాల్లో నాలుగు ఫ్లూట్లు, లైరా, 20 నిమిషాలు. మైకు వద్దు. ఐసీయూ, టీబీ వార్డు, బాలింతల వార్డుల దగ్గరికి పిల్లలను పంపకూడదు. జలుబు, దగ్గు ఉన్న పిల్లలను ఆ రోజు ఇంటి దగ్గరే ఉంచండి, వార్డులో ఉన్నవాళ్ళకు అది చిన్న విషయం కాదు.

ఒకరి ఫ్లూటు మరొకరు ఊదకూడదు. ఫ్లూటు నోటిభాగాన్ని గోరువెచ్చని నీళ్ళలో సబ్బు వేసి కడిగి ఆరబెట్టాలి. మరిగే నీళ్ళు పోస్తే ప్లాస్టిక్ వంగుతుంది, స్పిరిట్‌తో తుడిస్తే కొన్ని రకాలు పగుళ్ళిస్తాయి. స్పిరిట్ బ్యూగిల్ ఇత్తడి నోటిభాగానికైతే పర్వాలేదు.

వృద్ధాశ్రమం గురించి రెండు మాటలు. వయసుతో ముందు పోయేది పై స్థాయి (సన్నని) స్వరాల వినికిడి. చెవి మిషన్ పెట్టుకున్నవాళ్ళకు ఖంగుమనే శబ్దం ఒక్కసారిగా గుచ్చుకుంటుంది, వాళ్ళను ట్రయాంగిల్‌కు, లైరాకు దూరంగా కూర్చోబెట్టండి. ఉదయం 10:30 లేదా సాయంత్రం 4:30 మంచి వేళ. మధ్యాహ్నం భోజనం, మాత్రలు, నిద్ర. కార్యక్రమం మొత్తం 35 నిమిషాలు దాటితే బాత్రూమ్‌కు లేవలేక ఇబ్బంది పడతారు, మొహమాటంతో చెప్పరు.

ఇంకొకటి. చివర్లో జాతీయ గీతం వాయించాలని అందరికీ ఉంటుంది. మోకాళ్ళు పట్టేసినవాళ్ళు, పక్షవాతం వచ్చినవాళ్ళు కూడా గౌరవం కొద్దీ కర్ర వెతుక్కోకుండానే లేవబోతారు. అక్కడే తూలిపడతారు. తుంటి ఎముక విరిగితే ఆ వయసులో మళ్ళీ నడవడం కష్టం. ఆశ్రమంలో జాతీయ గీతం పెట్టకండి. తప్పదనుకుంటే ఒక్కో పెద్దాయన పక్కన ఒక్కో పిల్లాణ్ణి ముందే నిలబెట్టండి.

పీఈటీ_తెనాలి

ఇంత వివరంగా రాసినందుకు ధన్యవాదాలు. ఫ్లూట్లు ఇప్పుడే చూశాను, ఆరు జర్మన్, నాలుగు బరోక్. సిస్టర్ గారు చెప్పిన జాతీయ గీతం సంగతి నాకు తట్టనే లేదు. భవిత కేంద్రం గురించి, బ్యూగిళ్ళ గురించి ఎవరైనా చెప్తారా?

ఐఈఆర్‌టీ_మేడమ్

భవితకు వచ్చే పిల్లల్లో ఆటిజం ఉన్నవాళ్ళు కొందరికి అనుకోకుండా మోగే శబ్దం భయంకరంగా ఉంటుంది. అందుకే అక్కడ కచేరీ పద్ధతి పనిచేయదు. నలుగురు బ్యాండు పిల్లలు చాలు, పావుగంట చాలు. మొదట వాయిద్యాన్ని చూపించాలి, ముట్టుకోనివ్వాలి, తర్వాత "ఇప్పుడు కొడుతున్నా" అని చెయ్యెత్తి చూపించి ఒక్క దెబ్బ కొట్టాలి. తలుపు తెరిచే ఉంచండి, బయటికి వెళ్తానన్న పిల్లలను ఆపొద్దు.

వినపడని పిల్లలకు బేస్ డ్రమ్ మీద రెండు అరచేతులూ ఆనించి కంపనం అందేలా చూడండి. ఒకరు అవతలి హెడ్ మీద కొడుతుంటే ఇవతలి హెడ్ మీద చేతులు ఉండాలి. చూపు లేని పిల్లలకు బ్యూగిల్ గొట్టం చుట్లు తడిమి చూడడమంటే చాలా ఇష్టం. అయితే ఊదనివ్వద్దు, శుభ్రత సంగతి సిస్టర్ గారు చెప్పారు కదా. పుల్ల పట్టు దొరకని పిల్లలకు దాని చుట్టూ గుడ్డ చుట్టి లావు చేసి ఇవ్వండి. ముందురోజు మీ పిల్లలకు ఒక మాట చెప్పి తీసుకురండి: ఎవరైనా అరిచినా, చెవులు మూసుకున్నా నవ్వకూడదు, వాయించడం ఆపి నిలబడాలి.

బ్యాండ్‌మాస్టర్_ఏలూరు

బ్యూగిల్‌కు మీటలుండవు. పలికేవి సా, గా, పా మాత్రమే, స్థాయిలు మారుతూ. దానితో పాట రాదు. పైగా అది బి ఫ్లాట్ వాయిద్యం, మీ ఫ్లూట్లు సి. రెండూ తమ తమ షడ్జమం మీద కలిపి ఊదితే సరిగ్గా ఒక స్వరం తేడాతో రెండు బ్యాండులు కొట్లాడుకుంటున్నట్టు ఉంటుంది. బ్యూగిళ్ళు విడిగా, డ్రమ్ములతోనే వాడండి. వాటి చోటు జెండా దగ్గర, ప్రభాత భేరిలో ముందు వరుసలో. ఆ పని వాటికంటే బాగా చేసేది మరొకటి లేదు.

ప్రభాత భేరికి పిల్లలను ఐదున్నరకే పిలవండి కానీ మొదటి దెబ్బ ఆరు దాటాకే పడాలి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట వాయిద్యాలు వాయించకూడదు. ఎన్‌సీసీ నడక నిమిషానికి దాదాపు 120 అడుగులు. మీ వెనక ఆరో తరగతి పిల్లలూ ఉంటారు కాబట్టి 108 నుంచి 112 చాలు, లేకపోతే వెనక వరుస పరుగెడుతుంది. ఆసుపత్రి, పీహెచ్‌సీ కనపడగానే 100 మీటర్ల ముందే అన్నీ ఆపి, అది దాటేదాకా డ్రమ్ మేజర్ (బ్యాండును ముందుండి నడిపే పిల్లాడు) చెయ్యి ఊపుతూ అడుగు చూపించాలి. ఇది ముందే రెండుసార్లు ప్రాక్టీసు చేయించండి.

ఆగస్టు కాబట్టి వాన ఉంటుంది. ప్లాస్టిక్ హెడ్ ఉన్న డ్రమ్ములకు తడి పెద్దగా పట్టదు. బేస్ డ్రమ్ముది తోలైతే తేమకు వదులవుతుంది, పిల్లలు బిగించేస్తారు. ఎండ రాగానే అది ముడుచుకుని అంచు దగ్గర చిరుగుతుంది. బిగించినవాడే ఇంటికెళ్ళే ముందు ఒక్కో బోల్టూ ఒక చుట్టు వదలాలి. జెండా దగ్గర జాతీయ గీతం 52 సెకన్లకు రావాలి, ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి చూసుకోండి. ఒక నిమిషం దాటుతోందంటే బేస్ డ్రమ్ వెనకబడుతున్నట్టే.

కాపీరైట్_లాయర్

పాత సినిమా పాటలు వాయిస్తే అనుమతి కావాలా అని ఎవరూ అడగలేదు కానీ చెప్పడం మంచిది. కాపీరైట్ చట్టం 1957లో సెక్షన్ 52(1)(ఎల్) ప్రకారం ఔత్సాహిక బృందం వినేవారి దగ్గర డబ్బు తీసుకోకుండా వాయిస్తే అది ఉల్లంఘన కాదు. టికెట్టు పెట్టారంటే ఈ రక్షణ పోతుంది. వీడియోను యూట్యూబ్‌లో పెట్టడం వేరే విషయం, దానికి ఈ సెక్షన్ వర్తించదు.

వీడియో ఎలాగూ తీస్తారు. ఆశ్రమంలో ఉన్నవాళ్ళలో కొందరు తాము అక్కడున్నట్టు బంధువులకు తెలియడం ఇష్టపడరు. ముందే అడిగి, వద్దన్నవాళ్ళను కెమెరా వెనక వైపు కూర్చోబెట్టండి. విద్యార్థుల తల్లిదండ్రుల దగ్గర తీసుకునే అంగీకార పత్రంలో ప్రయాణానికి ఒక సంతకం, ఫోటోలకు విడిగా ఇంకో సంతకం పెట్టించండి.

వేణుగానం

పీఈటీ గారూ, మీ పది ఫ్లూట్లలో నాలుగు బరోక్‌వి కాబట్టి ఇంకో రెండు అదే రకం కొంటే ఆశ్రమానికి కావలసిన ఆరూ అయిపోతాయి. జర్మన్‌వి ఆరూ మార్చింగ్‌కు విడిగా ఉంచండి, వెనకవైపు రంగు టేపు అంటించి. మొదటి నెలకు నాలుగు పాటలే పెట్టుకోండి, అన్నీ జి షడ్జమంలోనే.