కంటి గూటి ఎముక విరిగింది: బయట కోత లేకుండా చేసే ఆపరేషన్ నమ్మదగినదేనా?

ప్రశ్న (మారతహళ్ళి అక్క, బెంగళూరు)

అందరికీ నమస్కారం. మా తమ్ముడి వయసు 27 సంవత్సరాలు. పోయిన ఆదివారం క్రికెట్ ఆడుతుండగా లెదర్ బంతి ఎడమ కంటికి తగిలింది. వాపు చాలావరకు తగ్గింది, చూపు కూడా బాగానే ఉంది. కానీ పైకి చూసినప్పుడు ప్రతిదీ రెండుగా కనబడుతోందని, చెంప, పైపెదవి మొద్దుబారాయని అంటున్నాడు. సీటీ స్కాన్‌లో కంటి గూటి అడుగు ఎముక విరిగి, లోపలి కొవ్వు కింద ఉన్న సైనస్‌లోకి (చెంప ఎముకలోని గాలి గదిలోకి) దిగిందని తేలింది. ఒక ఆసుపత్రిలో కింది రెప్ప వెంట్రుకల దిగువన కోసి ప్లేటు పెడతామన్నారు. మరొక చోట రెప్ప లోపలి వైపు నుంచే, ఎండోస్కోప్ (కెమెరా ఉన్న సన్నని గొట్టం) సాయంతో, ముఖంపై గాటు పడకుండా చేస్తామన్నారు. అనంతపురంలో ఉన్న మా నాన్నగారేమో చూపు బాగున్నప్పుడు కత్తి పెట్టించడం ఎందుకు, ఆగి చూద్దామంటున్నారు. ఈ రెండు పద్ధతుల్లో ఏది మేలు? ఎన్నాళ్ళు ఆగవచ్చు?

జవాబు 1 (కనురెప్పలు, కంటి గూటి శస్త్రవైద్యుడు, చెన్నై)

అమ్మా, స్కాన్ చూడకుండా, రోగిని పరీక్షించకుండా ఇది చేయించుకోండి అని నేను చెప్పలేను. అయితే ఏమేమి అడిగి తెలుసుకోవాలో చెప్పగలను.

కంటి గూటి అంచు గట్టి ఎముక. అడుగు గోడ, ముక్కు వైపు గోడ మాత్రం చాలా పలుచన. బంతి దెబ్బకు అంచు చెక్కుచెదరకుండా లోపలి గోడ ఒక్కటే విరగడానికి కారణమదే. 1957లో స్మిత్, రీగన్ అనే అమెరికా వైద్యులు శవం కంటిపై బంతి ఉంచి సుత్తితో కొట్టి ఈ సంగతిని పరీక్షించి చూపారు. ఇలాంటి విరుగుడుకు బ్లో-అవుట్ అన్న పేరు అప్పటి నుంచే వాడుకలోకి వచ్చింది. చెంపకు, పైపెదవికి స్పర్శనిచ్చే నరం సరిగ్గా ఆ అడుగు గోడ గుండానే వెళుతుంది కనుక మీ తమ్ముడికి అక్కడ మొద్దుబారింది. ఆ స్పర్శ చాలామందికి కొన్ని నెలల్లో మెల్లగా తిరిగి వస్తుంది. కేవలం దాని కోసం ఆపరేషన్ చేయరు.

కోత ఎక్కడ అన్న ప్రశ్న కంటే ముందు తేల్చుకోవలసింది, కన్నును తిప్పే కండరం విరిగిన ఎముక సందులో ఇరుక్కుందా లేదా అన్నది. వాపు వల్ల రెండుగా కనబడుతుంటే వాపుతోపాటే తగ్గుతుంది, ఇరుక్కుంటే తగ్గదు. మత్తు చుక్కలు వేసి, సన్నని పటకారుతో కనుగుడ్డును పట్టుకుని కదిపి చూసే పరీక్ష ఒకటి ఉంది. అది చేశారో లేదో అడగండి. పెద్దవాళ్ళలో కండరం ఇరుక్కుని రెండుగా కనబడుతున్నా, అడుగు గోడ సగానికి పైగా విరిగినా, కన్ను 2 మిల్లీమీటర్లకు మించి లోపలికి పోయినా, సాధారణంగా రెండు వారాల లోపు సరిచేయడం మంచిదని భావిస్తారు. ఆ తరువాత లోపలి కణజాలం అతుక్కుపోయి పని కష్టమవుతుంది. చూపు బాగుంది కదా అన్న మీ నాన్నగారి మాట సహజమే, కానీ ఇక్కడ నిర్ణయించేది చూపు ఒక్కటే కాదు.

ఇక దారుల విషయం. వెంట్రుకల దిగువన కోస్తే మచ్చ సాధారణంగా కనబడనంతగా మానుతుంది గానీ, కొందరికి రెప్ప కిందికి లాగినట్టు జారుతుంది. రెప్ప లోపలి పొర గుండా వెళితే ఆ ప్రమాదం తక్కువ, బయట మచ్చ ఉండదు. ముక్కు వైపు గోడ విరిగితే ముక్కులోంచి ఎండోస్కోప్‌తోనో, కంటి లోపలి మూలలోని ఎర్రటి కండ పక్కనుంచో చేరుకోవచ్చు. అడుగు గోడకైతే పై చిగురు లోపల చిన్న గాటు పెట్టి సైనస్ గుండా ఎండోస్కోప్ పంపే పద్ధతి కూడా ఉంది. ప్లేటు వెనుక కొస ఆనవలసిన ఎముక గూటిలో బాగా లోతున ఉంటుంది. రెప్ప వైపు నుంచి చూస్తే కొవ్వు అడ్డుపడుతుంది. ఎండోస్కోప్‌తో ఆ అంచు స్పష్టంగా దొరుకుతుంది. ఈ పద్ధతికి అసలు విలువ అక్కడ ఉంది గాని, కోత చిన్నదవడంలో లేదు. రెండు గోడలూ విరిగినా, అంచు కూడా చితికినా ఒక్క ఎండోస్కోప్‌తో సరిపోకపోవచ్చు. అందుకే, ప్లేటు సరిగ్గా కూర్చుందని ఎలా నిర్ధారించుకుంటారని శస్త్రవైద్యులను అడగండి. ప్లేటు టైటానియం లోహపు వల అయినా, పాలిథిలిన్ అనే ప్లాస్టిక్ పలక అయినా ఆ ప్రశ్న వర్తిస్తుంది.

ఖర్చు ఆందోళన ఉంటే మీ ఊళ్ళోనే ప్రభుత్వ మింటో కంటి ఆసుపత్రి ఉంది. ఇక్కడ చెన్నైలో అయితే 1819లో మొదలైన ఎగ్మోరు ప్రభుత్వ కంటి ఆసుపత్రి ఉంది.

జవాబు 2 (బీటీఎం లేఅవుట్ నుంచి)

బండి మీంచి పడి నాకు ఇదే దెబ్బ తగిలింది. రెప్ప లోపలి నుంచే ఆపరేషన్ చేశారు. మచ్చ లేదన్నది నిజం, కానీ ఆపరేషన్ అవగానే అంతా సరిపోతుందని మాత్రం అనుకోకండి. రెండుగా కనబడటం మరికొన్ని వారాలు కొనసాగింది. మెట్లు దిగేటప్పుడు ఒక మెట్టు రెండుగా కనిపించి, ఒక కన్ను మూసుకుని గోడ పట్టుకుని దిగేవాణ్ణి. ఆపరేషన్ జరిగిన రాత్రి నర్సుగారు మాటిమాటికీ లేపి, కట్టు జరిపి, టార్చి వేసి, ఎన్ని వేళ్ళు కనిపిస్తున్నాయని అడిగారు. అప్పుడు విసుగనిపించినా, లోపల రక్తం చేరితే చూపుకే ముప్పని తరువాత తెలిసింది. డాక్టరు సరే అనేవరకు మీ తమ్ముణ్ణి ముక్కు చీదనివ్వకండి. సైనస్ గాలి కంటి గూటిలోకి ఎక్కి కన్ను ఉబ్బుతుంది. తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మాలి. బీమా ఉంటే ప్లేటు ఖర్చు అందులో కలుస్తుందో లేదో ముందే రాయించుకోండి.

జవాబు 3 (ఒక అమ్మ, పెరంబూరు)

పిల్లలున్నవారు ఇది చదువుతుంటారు కనుక రాస్తున్నాను. మా బాబు ఆటలో పడ్డప్పుడు కన్ను ఎర్రబడలేదు, వాపూ లేదు; పైకి చూడమంటే మాత్రం వాంతులు. తలకు దెబ్బ తగిలిందనే అందరం అనుకున్నాం. కంటి డాక్టరు చూశాకే కండరం ఇరుక్కుందని తెలిసింది.

జవాబు 1 రాసిన వైద్యుడు

ఆమె చెప్పినది చాలా ముఖ్యం. పిల్లల ఎముక మెత్తన కనుక విరిగి, కండరాన్ని పట్టుకుని, మళ్ళీ మూసుకుంటుంది. వాంతులు, నాడి నెమ్మదించడం ఆ లాగుడు వల్లే వస్తాయి. అలాంటప్పుడు రెండు వారాల లెక్క పనికిరాదు. ఒకటి రెండు రోజుల్లోనే విడిపించాలి.

మారతహళ్ళి అక్క

అందరికీ కృతజ్ఞతలు. ఈరోజు ఆ పటకారు పరీక్ష చేశారు, కన్ను పైకి కదలడం లేదని చెప్పారు.

జవాబు 1 రాసిన వైద్యుడు

అయితే వాపు తగ్గుతుందని ఇంకా ఎదురుచూడకండి, ఈ వారంలోనే తేదీ తీసుకోండి. రక్తం పలుచబడే మాత్రలు, ఆస్పిరిన్ వంటివి వాడుతుంటే ముందుగానే చెప్పండి. ఇంటికి వచ్చాక కన్ను ముందుకు పొడుచుకొచ్చి, నొప్పి పెరిగి, చూపు మసకబారితే, అర్ధరాత్రయినా సరే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి.