జాతర గేమ్ డెమో: మూడు వేషాలయ్యాయి. నాలుగోది మొదలుపెట్టాలా, ఇక్కడితో ఆపేయాలా?

ఫ్లెక్సీబాబు (తిరుపతి)

అందరికీ నమస్కారం. గాంధీ రోడ్డు పక్క సందులో ఒక ఫ్లెక్సీ షాపులో డిజైనర్‌గా పని చేస్తాను. పగలంతా పుట్టినరోజులు, ఓణీల ఫంక్షన్లు, లీడర్లకు స్వాగతాలు. రాత్రి షట్టర్ సగం దించాక అదే కంప్యూటర్‌లో గేమ్ చేసుకుంటాను. అలా రెండున్నరేళ్లు గడిచిపోయాయి. చేతిలో ఉన్నది నలభై నిమిషాల డెమో. పేరు కూడా పెట్టలేదు. ఫోల్డర్ పేరు మాత్రం "జాతర కొత్తది ఫైనల్ 3".

కథ మన తాతయ్యగుంట గంగమ్మ జాతరే. బయటి ఊళ్ల వాళ్ల కోసం రెండు ముక్కల్లో చెప్తాను. ఆడపిల్లల్ని చెరపట్టే పాలెగాణ్ణి చంపడానికి గంగమ్మ బయల్దేరితే వాడు దాక్కుంటాడు. ఆమె రోజుకో వేషం కట్టి, తిడుతూ ఊరంతా గాలిస్తుంది. దొర వేషం రోజు వాడు బయటికొచ్చి దొరికిపోతాడు. ఏటా మే నెలలో జాతర వారమంతా జనం కూడా అవే వేషాలు కట్టి మొక్కు తీర్చుకుంటారు.

గేమ్‌లో మనం మొక్కుకున్న ఒక కుర్రాడు. పైనుంచి చూసే పిక్సెల్ ఆర్పీజీ (ఒక పాత్రలో దూరి ఆడే రకం), గేమ్‌లు తయారుచేసే గోడో 4 సాఫ్ట్‌వేర్‌లో చేశాను. ఇప్పటిదాకా చేసిన మూడు వేషాల్లో బైరాగికి నామకొమ్ము తెలుపు, బండ వేషానికి కుంకుమ ఎరుపు, తోటికి బొగ్గు నలుపు. వేషం మారితే రంగే కాదు, ఊళ్లో వాళ్ల మాట తీరు కూడా మారుతుంది. ఉదాహరణకి బజారు వీధిలో ఒక వడ్డీ వ్యాపారి ఉంటాడు. మామూలు చొక్కాతో పోతే "మీ నాయన బాకీ సంగతేందిరా?" అంటాడు. తోటి వేషంలో పోయి "తిట్టు" బటన్ నొక్కితే చేతులు జోడించి ఐదు రూపాయలు పెడతాడు.

ఇక సమస్యలు. ఆర్పీజీ అన్నాక యుద్ధాలుండాలని పాలెగాడి మనుషుల్ని పెట్టాను. మొత్తం పదిహేడు ఫైట్లు. వంతులవారీగా కొట్టుకోవడమే. అది నాకే బోరు కొడుతోంది. పదకొండు మందికి ఇస్తే చివరిదాకా ఆడింది నలుగురు. మా ఫ్రెండ్ ఒకడు తొమ్మిదో ఫైట్‌లో నిద్రపోయాడు (వాడు ఎక్కడైనా నిద్రపోతాడు, ఆ లెక్క వదిలేయండి). రెండోది, డైలాగులు ఒక్కో అక్షరంగా పడేటప్పుడు తెలుగు గంతులేస్తోంది. "స్త్రీ" అన్న మాట పడేలోపు నాలుగైదు ఆకారాలు మారుతుంది. వత్తులు మసిబారినట్టు కనబడతాయి. మూడోది, గుడి దగ్గర తప్ప సేవ్ కాదు. కరెంటు పోతే అంతే.

ఇంకా నాలుగు వేషాలున్నాయి. ఇదే వేగంతో పోతే ఇంకో మూడేళ్లు. మా బావ "దీంతో షాపు అద్దె వస్తుందా?" అని అడిగాడు, జవాబు లేదు. డెమో ఆడి చూసి, ఇందులో పూర్తి చేయదగ్గ సరుకుందో లేదో మొహమాటం లేకుండా చెప్పండి. గేమ్‌లు అమ్మే ఆన్‌లైన్ షాపు స్టీమ్‌లో పెట్టడానికి 100 డాలర్లు కట్టే ముందు తెలుసుకోవాలని.

---

గిరింపేట గేమర్ (చిత్తూరు)

తమ్ముడూ, రెండుసార్లు ఆడాను. మొదటిసారి ఆదివారం మధ్యాహ్నం, తిట్టుకుంటూ. రెండోసారి అదే రాత్రి, తిట్టుకోకుండా. మొహమాటం వద్దన్నావు కాబట్టి ముందు చేదు సంగతి.

మొదటి ఆరు నిమిషాలు చదవడమే. పాలెగాడు ఎవరు, వాడి తాత ఎవరు, కోట ఎక్కడ... బటన్ నొక్కీ నొక్కీ వేలు నొప్పి పుట్టింది. నేను టైమర్ పెట్టి చూశాను, కుర్రాడు మొదటి అడుగు వేసేసరికి 6 నిమిషాల 20 సెకన్లు. ఆ కథంతా ఊళ్లో వాళ్ల నోటి నుంచి ముక్కలుగా రానీ. నువ్వు ఇక్కడ మాకు రెండు ముక్కల్లో చెప్పావు చూడు, గేమ్‌లో ఆ మాత్రం కూడా అక్కర్లేదు.

ఫైట్ల గురించి నువ్వే చెప్పుకున్నావు. ఒక్కటి మాత్రం అడుగుతా. పదిహేడు మందికీ ఒకటే ముఖం, ఒకటే మీసం ఎందుకు? ఫ్లెక్సీలో ఒకే కార్యకర్త ఫొటో పదిహేడుసార్లు అతికించినట్టుంది. కోనేటి కట్ట మీద నాలుగడుగులు వేయనివ్వడు, మళ్లీ ఇంకొకడు. అక్కడ నీళ్లలో దీపాల నీడలు ఎంత బాగా గీశావో చూసేదెప్పుడు?

ఇప్పుడు అసలు సంగతి. రెండోసారి ఆడినప్పుడు బండ వేషంలో పొరపాటున బండ్ల వీధికి, కుర్రాడి ఇంటికే పోయాను. అక్కడ వాళ్లమ్మ వాకిట్లో ఉంది. కొడుకని గుర్తుపట్టలేదు. చేతులు జోడించి "తల్లీ, ఎండన పడి వచ్చినావు, అంబలి తాగిపో" అంది. కొడుకుని తల్లీ అంటోంది! నేను కాసేపు ఏ బటనూ నొక్కలేదు. అంతకు ముందు రోజు అదే అమ్మ అదే వాకిట్లో "అన్నం తినకుండా యాడికి పోతావుండావు" అని అరిచింది కదా, అది గుర్తొచ్చి ఒళ్లు జలదరించింది. చాలా గేమ్‌లలో మారువేషమంటే కాపలావాడి కళ్లుగప్పడమే. నీ గేమ్‌లో వేషం కడితే కన్నతల్లే దణ్ణం పెడుతుంది. నీ డెమోలో సరుకు అక్కడుంది.

అండర్‌టేల్ పేరు వినే ఉంటావు. దాని డెమో 2013లో వచ్చింది, పూర్తి గేమ్ 2015లో. డెమోలో ఉన్నది మొదటి ప్రాంతం ఒక్కటే. కానీ ఎదురుపడిన వాళ్లని చంపకుండా మాటలతోనూ దాటిపోవచ్చన్న సంగతి ఆ కాస్తలోనే ఆడేవాడికి తెలిసిపోతుంది. గేమ్ పూర్తి చేయడానికి కిక్‌స్టార్టర్ సైట్‌లో జనాన్ని 5 వేల డాలర్లు కావాలని అడిగితే 51 వేల పైన వచ్చాయి. నీకూ అంత వస్తుందని ఆశ పెట్టడం లేదు, ఆ గేమ్ లాంటివి ఎన్నో ఏళ్లకొకటి. డెమోలో ఏం కనబడాలో చెప్పడానికి ఎత్తాను. నీది ఆడినవాడికి "వేషంలో ఉంటే ఎవర్నైనా తిట్టొచ్చు, తిట్టించుకున్నవాడు దీవెన అనుకుంటాడు" అన్నది మొదటి పది నిమిషాల్లో తెలియాలి. ఇప్పుడది ముప్పై రెండో నిమిషంలో తెలుస్తోంది. నీ ఫ్రెండ్ అప్పటికే నిద్రలో ఉన్నాడు.

తిట్లు మాత్రం ఇంకా రాయి. ఆరే ఉన్నాయి, అవీ పుస్తకాల్లో తిట్లు. "మూర్ఖుడా" అని జాతరలో ఎవరు తిడతారబ్బా!

---

పుత్తూరు టు బెంగళూరు

నేను టెక్నికల్ సంగతులే చెప్తా, కథ గురించి పై అన్న చెప్పాడు.

అక్షరాల గంతులు: గోడోలో డైలాగులు చూపించే రిచ్ టెక్స్ట్ లేబుల్‌లో "విజిబుల్ క్యారెక్టర్స్ బిహేవియర్" అని ఒక సెట్టింగ్ ఉంటుంది. మామూలుగా అది "బిఫోర్ షేపింగ్"లో ఉంటుంది. అంటే ముందు అక్షరాలు కత్తిరించి, ఆ తర్వాత వత్తులు, గుణింతాలు కలుపుతుంది. అందుకే స్త్రీ పడేటప్పుడు స, స్, స్త అంటూ వేషాలు మారుస్తోంది. దాన్ని "ఆఫ్టర్ షేపింగ్" చెయ్యి. వాక్యమంతా ముందే తయారై, పూర్తి అక్షరాలుగా బయటపడుతుంది. నువ్వు గోడో 4 ఎంచుకోవడం మంచిదైంది. 3లో అయితే తెలుగు వత్తులే సరిగా కలిసేవి కావు, దానికి ఆ ఏర్పాటే లేదు.

మసిబారడం: నీ గేమ్ 320 పిక్సెల్స్ అడ్డం, 180 నిలువు. అంత చిన్న స్క్రీన్‌లో "ష్ట్ర" పట్టదు, కింద వత్తుకి చోటేది? ప్రాజెక్ట్ సెట్టింగ్స్‌లో స్ట్రెచ్ మోడ్ "వ్యూపోర్ట్" ఉన్నట్టుంది, "కాన్వాస్ ఐటమ్స్"కి మార్చు. బొమ్మలు పిక్సెల్స్‌గానే ఉంటాయి, అక్షరాలు మానిటర్‌కి తగ్గట్టు నున్నగా వస్తాయి. ఫాంట్ మండలి గానీ, నోటో సాన్స్ తెలుగు గానీ పెట్టుకో, రెండూ ఉచితమే. షాపులో డీటీపీకి వాడే పాత ఫాంట్లలో టైపు చేసిన డైలాగులు మాత్రం ఇక్కడ అతికించకు. అవి యూనికోడ్ కాకపోతే పిచ్చి గుర్తులొస్తాయి. నీ బైరాగి రెండో డైలాగ్‌లో ఒకటి కనబడింది.

సేవ్: వీధి మారినప్పుడల్లా దానంతటదే సేవ్ అయ్యేలా చెయ్యి. మన దగ్గర కరెంటు సంగతి నీకు నేను చెప్పాలా!

స్టీమ్: 100 డాలర్లు గేమ్‌కి ఒకసారి కట్టేది. అమ్మకాలు 1,000 డాలర్లు దాటితే ఆ వంద తిరిగి ఇస్తారు. తొందరపడాల్సింది లేదు, ముందు ఇచ్ డాట్ ఐఓ అనే గేమ్‌ల సైట్‌లో పెట్టు, అక్కడ పెట్టడానికి రూపాయి అక్కర్లేదు. స్టీమ్ వాళ్ల నెక్స్ట్ ఫెస్ట్‌లో డెమోలు జనం బాగా చూస్తారు కానీ ఒక గేమ్‌కి అందులో ఒక్కసారే అవకాశం. పదిహేడు మీసాలతో పోయి దాన్ని పోగొట్టుకోకు.

---

అవిలాల అక్క

నాకు ఈ గేమ్‌లు ఆడటం రాదు. ఇంటర్ చదివే మా పిల్లోడు ఆడుతుంటే పక్కన కూర్చుని చూశాను. జాతర చాటింపు మా ఊరితో ముడిపడిన సంగతి కాబట్టి రాయాలనిపించింది.

నాయనా, బొమ్మలు బాగున్నాయి. కానీ ఫైట్‌లో మా వాడు ఓడిపోతే "గంగమ్మ ఓడిపోయింది" అని ఎర్ర అక్షరాలు పడ్డాయి. అవి చూసి మా అత్తమ్మ లేచి అవతలికి పోయింది. ఏమనుకుని రాశావో తెలీదు గానీ, అమ్మ ఓడిపోవడమేంది? ఆమె ఏడు వేషాలు కట్టింది బలం చాలక కాదు కదా. వాడు ఎదురుపడలేదు, దాక్కున్నాడు. వెతకడానికి కట్టింది. నువ్వు కొట్లాటలు పెట్టి కథను తిరగేశావు. ఈ సందులో అడిగి, ఆ ఇంట్లో అడిగి, వాడు ఎక్కడున్నాడో పట్టుకోవడమే పెట్టు. కుర్రాడు తప్పు ఇంటికి పోతే "పాలెగాడు ఇంకో చోటికి జారుకున్నాడు" అని రాయి. అమ్మకి ఓటమి ఉండదు, మీ ఆటకీ గెలుపోటములుంటాయి.

ఇంకొకటి. అలిపిరి వైపు పోతుంటే పిల్లోడు ఊరికే నిలబడిపోయి "ఇప్పుడు అటు వెళ్లలేవు" అంటాడు. ఎందుకు వెళ్లలేడో మా వాడికి అర్థం కాలేదు. చాటింపు అయ్యాక జాతర ముగిసేదాకా ఊళ్లో వాళ్లు పొలిమేర దాటకూడదు కదా. ఆ మాటే చెప్పించు, ఎవరన్నా ముసలాయన చేత. మొదట్లో ఆ చదివే కథంతా తీసేసి, రాత్రి చాటింపుతో మొదలుపెట్టినా చాలు.

కొడుకుని తల్లి తల్లీ అనడం గురించి పైన రాశారు. మాకు అందులో వింత లేదు. వేషం కట్టినాక వాడు కొడుకు కాదు, అమ్మే. అందుకే తిట్టినా దణ్ణం పెడతాం.

---

ఫ్లెక్సీబాబు (తిరుపతి)

అందరికీ జవాబు లేటైంది, క్షమించాలి. రెండు పెళ్లి ఆర్డర్లు మీద పడ్డాయి.

గిరింపేట అన్నా, నిజం చెప్తా. ఆ అంబలి సీన్ నేను రాయలేదు. అది బగ్గు. బండ వేషంలో ఎదురయ్యే ఆడవాళ్లందరికీ ఒకటే డైలాగ్ పెట్టాను. కుర్రాడి అమ్మని ఆ లిస్టులోంచి తీయడం మర్చిపోయాను. నువ్వు రాసింది చదివాక నేనే పోయి చూసుకున్నా. రెండున్నరేళ్లలో ఆ వేషంలో కుర్రాడి ఇంటికి నేనే పోలేదు! ఇప్పుడు బగ్గుని సరిచేయకుండా అలాగే ఉంచి, తోటి వేషంలో ఆమె ఏమంటుందో రాస్తున్నా.

పుత్తూరు బ్రదర్, ఆఫ్టర్ షేపింగ్ పెట్టగానే అక్షరాలు కుదురుగా నిలబడ్డాయి. నాలుగు నెలలు దాంతో కుస్తీ పట్టాను, ఏం చెప్పమంటావు.

అక్కా, అత్తమ్మగారికి నా తరఫున క్షమాపణ చెప్పండి. ఆ లైను రాత్రి రెండింటికి, ఏమీ ఆలోచించకుండా రాసింది. నిన్ననే తీసేశాను. దాంతోపాటు పదిహేడు ఫైట్లూ తీసేశా. ఎనిమిది నెలల పని, తీసేటప్పుడు కడుపులో తిప్పింది. ఇప్పుడు డెమో ఇరవై ఆరు నిమిషాలు. చాటింపు తప్పెటతో మొదలవుతుంది. అలిపిరి దారిలో ఒక తాత "చాటింపు వినలేదా అబ్బోడా, పొలిమేర దాటకూడదు" అని కర్ర అడ్డం పెడతాడు. మా బావ ఇరవై ఆరు నిమిషాలూ ఆడాడు, అద్దె మాట ఎత్తలేదు.

ఏడూ వద్దు, ముందు దొర వేషం దాకా నాలుగు పూర్తి చేసి పెడతాను. పాలెగాడు ఎలాగూ ఆ రోజే దొరుకుతాడు. దొర వేషానికి గంధం రంగు వేసి ఒక బొమ్మ పెట్టాను, చూసి చెప్పండి.

---

అవిలాల అక్క

చూశాను. గంధం అంత పచ్చగా ఉండదు నాయనా, అది నీ ఫ్లెక్సీల పసుపు. ఇంట్లో సానరాయి ఉంటే కాస్త గంధం అరగదీసి, చేతికి రాసుకుని ఆరినాక చూడు. తడిగా ఉన్నప్పుడు ఒక రంగు, ఆరితే ఇంకొక రంగు. మా పిల్లోడు తోటి వేషంలో ఆ వడ్డీ ఆయన దగ్గరికి పదకొండుసార్లు పోయి తిట్టి యాభై ఐదు రూపాయలు సంపాదించినాడు, అదేదో చూసుకో.