నాపరాయిలో తెల్ల జీరలు: బీట ముందు పడిందా, జీరే బండను చీల్చిందా?

మిర్యాలగూడ_వాసి
ఇంట్లో గచ్చుకు మాచర్ల బండలు దింపించాను. చాలా బండల్లో తెల్ల జీరలున్నాయి. మా మేస్త్రీ వాటిని పక్కన పెట్టించి, "జీర ఉన్న కాడే విరుగుతది" అన్నాడు. బండలమ్మినాయన మాత్రం జీర అంటే అతుకు, అది రాయికన్నా గట్టి అంటున్నాడు. పోయిన ఆదివారం మట్టపల్లి వైపు వెళ్తే రోడ్డు పక్కన సున్నపురాయి మీద ఇవే జీరలు, వల పరిచినట్టు. అప్పటినుంచి ఒకటే ప్రశ్న. ముందు రాయి పగిలి, ఆ సందులో తర్వాత తెల్లది నిండిందా? లేక ఆ తెల్లదే పెరుగుతూ రాయిని చీల్చుకుంటూ పోయిందా?

రాళ్ల_మాస్టారు
ముందు అదేమిటో తేల్చుకోండి. చాకు మొనతో గీయండి. గీత పడితే కాల్సైట్, అంటే సున్నపు ఖనిజం; పడకపోతే పలుగురాయి. కొంచెం పొడి చేసి నిమ్మరసం చుక్క వేస్తే కాల్సైట్ సన్నగా బుడగలొస్తుంది. మన సున్నపురాయిలో ఎక్కువగా అదే.

ఇక నా మాట: బీటే ముందు. జీరకు అటూ ఇటూ ఉన్న అంచులు చూడండి, చింపిన కాగితం ముక్కల్లా ఒకదానికొకటి సరిపోతాయి. కిలోమీటరు లోతులో పైరాయి బరువు చదరపు సెంటీమీటరుకు సుమారు 260 కిలోలు, నీటి నిలువు బరువు 100 కిలోలే. మామూలుగా నీళ్లు ఓడిపోతాయి. కానీ పైన నీరు దాటని బంకమట్టి పొర ఉండి, కింద రాయి అణిగిపోతూ ఉంటే, రంధ్రాల్లోని నీటికి పోయే దారి ఉండదు. పైబరువంతా క్రమంగా ఆ నీటి మీదికే వస్తుంది. రాయిని అన్నిటికన్నా తక్కువగా నొక్కే దిక్కు ఒకటుంటుంది. ఆ నొక్కుడును, రాయి అతుకు బలాన్ని కలిపి నీటి ఒత్తిడి దాటిన క్షణాన ఆ దిక్కుకు అడ్డంగా బీట తెరుచుకుంటుంది.

బోర్ల_పని
మాస్టారు చెప్పింది మేము చేత్తో చేసేదే. బోరులో నీళ్లు రాకపోతే ఒక్కోసారి పైనుంచి ఒత్తిడితో నీళ్లు పంపి లోపలి పగుళ్లు తెరిపిస్తారు, హైడ్రో ఫ్రాక్చరింగ్ అంటారు. ఎక్కువగా పాత పగుళ్లే తెరుచుకుంటాయి. మాది గ్రానైట్ ఏరియా, మీది సున్నపురాయి, అది వేరే సంగతి. కానీ బోరులోంచి వచ్చే ముక్కల మీద మొనదేలిన స్ఫటికాలు చాలాసార్లు చూశాను. ఖాళీ లేకుండా మొన ఎట్లా వస్తుంది?

దేవరకొండ_ఆడబిడ్డ
అన్నా, మొన ఉన్నవాటికి మీ మాట నిజమే. మరి మొనే లేనివాటి సంగతి? సున్నపురాయి జీరలు కొన్నింటిని పగలగొట్టి చూస్తే దారప్పోగుల్లా సన్నని పీచు, అంచుకు నిలువుగా, అటు నుంచి ఇటు దాకా ఉంటుంది. ఖాళీ సందులో స్ఫటికాలు పెరిగితే వాటిలో పోటీ ఉంటుంది, కొన్ని లావవుతాయి, కొన్ని ఆగిపోతాయి. ఇక్కడ ఆ పోటీ జాడే లేదు. అంటే అక్కడ ఖాళీ ఎప్పుడూ లేదన్నమాట.

మా ఇంట్లో వంటగది గోడకు చెమ్మెక్కి ఉప్పు పొంగింది. రెండేళ్లలో ప్లాస్టర్ పెచ్చులుగా లేచిపోయింది. ఆ ఉప్పుకు సందు ఎవరిచ్చారు? అదే చేసుకుంది. 1905లోనే బెకర్, డే అనే ఇద్దరు శాస్త్రవేత్తలు, పెరుగుతున్న పటిక స్ఫటికం తన మీది బరువును ఎత్తుతుందని చూపించారు.

రాళ్ల_మాస్టారు
అమ్మా, గోడ ప్లాస్టర్ వేరు, కిలోమీటరు లోతున రాయి వేరు. అయినా ఆ పీచు ప్రశ్న మంచిది, దాటవేయను. 1980లో జాన్ రామ్సే అనే భూగర్భ శాస్త్రవేత్త ఒక దారి చూపాడు. బీట వెంట్రుకంత తెరుచుకుంటుంది, వెంటనే కాల్సైట్ మూసేస్తుంది. ఒత్తిడి మళ్లీ పెరుగుతుంది, మళ్లీ వెంట్రుకంత తెరుచుకుంటుంది. వందలసార్లు ఇట్లా జరిగితే పెద్ద ఖాళీ ఎప్పుడూ లేకుండానే వేలెడు జీర తయారవుతుంది. పోటీకి చోటుండదు కాబట్టే పీచు.

దేవరకొండ_ఆడబిడ్డ
సరే, మరి అంత కాల్సైట్ ఎక్కడిది మాస్టారూ? లీటరు కాల్సైట్ అంటే 2.7 కిలోలు. లీటరు నీళ్లు పదో వంతు గ్రాము వదిలాయనుకున్నా 27,000 లీటర్లు పారాలి, ఒక్క లీటరు జీర కోసం! మీ లెక్క ప్రకారం సందు వెంట్రుకంత. అందులోంచి అన్ని నీళ్లా? అదే బండల్లో నల్లగా, రంపపు పళ్లలా వంకరటింకర గీతలుంటాయి. అక్కడ నొక్కుడుకు సున్నం కరిగిపోయి, కరగని మట్టి మిగిలింది. కరిగిన సున్నం పక్కనే ఉన్న జీరలోకి మెల్లగా చేరింది. నీళ్లు పారనక్కర లేదు. అట్లా ఆగకుండా చేరే సరుకు అంచును నెడుతుందనే నా వాదన.

రాళ్ల_మాస్టారు
సరుకు పక్క రాయిదే కావచ్చు, ఒప్పుకుంటాను. ఆ నల్లగీతలను నేను లెక్కలోకి తీసుకోలేదు.

చెరువు_కట్ట
నాది చిన్న సందేహం. ఎండాకాలం చెరువు అడుగున నెర్రెలు పడ్డట్టు ఈ వల కూడా బురద ఎండినప్పటిదే ఎందుకు కాకూడదు?

రాళ్ల_మాస్టారు
ఎండిన నెర్రె పైపొరతో ఆగిపోతుంది, జీరలు చాలా పొరలను నిలువునా కోసుకుంటూ పోతాయి. ఒక పోలిక మాత్రం ఉంది తమ్ముడూ. మందం పొరలో బీటలు దూరదూరంగా, పలచటి పొరలో దగ్గరగా పడతాయి. ఒక బీట పడగానే చుట్టూ కొంత మేర లాగుడు తగ్గుతుంది, ఆ దూరం పొర మందాన్ని బట్టి ఉంటుంది. ఏది ముందో తెలియాలంటే కలిసే చోట చూడాలి. నింపుడు లేని బీటల్లో, వచ్చి ఆగిపోయింది తర్వాతది. జీరల్లో, కోసుకుంటూ దాటింది తర్వాతది.

మిర్యాలగూడ_వాసి
పక్కన పెట్టిన బండలన్నీ తిరగేశాను. ఒకదాంట్లో రెండు రకాలూ ఉన్నాయి! బొటనవేలంత జీర ఒకటి, మొనలు లోపలికి తిరిగి, నడుమ ఇంకా చిన్న ఖాళీ ఉంది. దాన్ని అడ్డంగా కోస్తూ సన్న పీచు జీర. ఈ సన్నదాని నడుమ సన్నటి గీత, అందులో బూడిద రంగు రాతి నలుసులు.

దేవరకొండ_ఆడబిడ్డ
అయితే సన్నదే తర్వాతది. నడి గీతలో రాతి నలుసులున్నాయంటే అది నడుమ మొదలై బయటికి పెరిగినట్టుంది, కొత్త కాల్సైట్ ఎప్పటికప్పుడు అంచు దగ్గర చేరింది. నెట్టుకుంటూ పోయింది!

రాళ్ల_మాస్టారు
అంచు దగ్గర చేరిందన్నంత వరకు నీతో ఉన్నాను. కానీ చోటు ఎవరు చేశారో అది చెప్పదు. నీళ్లే ప్రతిసారీ అంచు దగ్గర వెంట్రుకంత తెరిచి ఉండవచ్చు. అట్లయితే పీచులో రాతి నలుసులు అంచుకు సమాంతరంగా వరుసలు వరుసలుగా చిక్కుకుని ఉండాలి. పలచగా కోసి మైక్రోస్కోప్ కింద పెడితే కనిపిస్తాయి. వరుసలు లేకుండా పీచు శుభ్రంగా ఉంటే నీ మాటకే బలం.

బోర్ల_పని
మిర్యాలగూడ అన్నా, గచ్చు సంగతి మర్చిపోవద్దు. ఖాళీ ఉన్న లావు జీర బండను బరువు పడే చోట వేయకండి, మేస్త్రీ మాట దానికి సరిపోతుంది. మిగతావి సుత్తితో తట్టి చూడండి, కంగుమంటే వేసుకోవచ్చు.

మిర్యాలగూడ_వాసి
ఆ ఒక్క బండ గచ్చులో వేయను. రెండు జీరలూ కలిసే మూల కోయించి మాస్టారికి పంపుతాను. అక్కా, మిగతా సగం మీకు.