హెడ్ నర్స్ తీరుకు, స్టాఫ్ నిబద్ధతకు లెక్క ఎందుకు కుదురుతలేదు?

ఓరుగల్లు_ఎమ్మెస్సీ: వార్డు ఇన్‌చార్జిల నాయకత్వ శైలి, స్టాఫ్ నర్సుల సంస్థాగత నిబద్ధత: ఇదీ థీసిస్. శైలికి 45 ప్రశ్నల ఎంఎల్‌క్యూ (మల్టీఫ్యాక్టర్ లీడర్‌షిప్ క్వశ్చనేర్, నాయకత్వ తీరును కొలిచే ఫారం), నిబద్ధతకు మేయర్, అలెన్ అనే పరిశోధకుల 18 ప్రశ్నల ఫారం. మొత్తం స్కోర్ల మధ్య సంబంధం పలచగా వస్తోంది. ఏం చూడాలె?

హనుమకొండ_లెక్కలు: పద్దెనిమిదీ కలిపి కూడిన్రు కదా మేడం, అక్కడే పోయింది. అవి మూడు వేరువేరు సంగతులు, ఒక్కోదానికి 6 ప్రశ్నలు. ఆస్పత్రి నాది అనిపించి ఉండడం, వదిలితే నష్టమని ఉండడం, వదలడం న్యాయం కాదని ఉండడం. ఇన్‌చార్జి తీరు ఎక్కువగా తగిలేది మొదటిదానికే. రెండోది హోమ్‌లోను మీద, పిల్లల బడి మీద, బయట పోస్టు దొరకకపోవడం మీద నిలుస్తది. ఇన్‌చార్జి రోజూ అరిచినా తగ్గదు. అందుకే రెగ్యులర్, కాంట్రాక్ట్, ఔట్‌సోర్సింగ్ వాళ్లను విడదీసి చూడండి. మొదటి ఆరింటిలో 3 తిరగేసిన ప్రశ్నలు, అంటే 'నాది అనిపించదు' అన్నట్టు ఉల్టా అడిగేవి. 1–7 స్కేలులో ఆ జవాబును 8లోంచి తీసేయాలి.

మానేరు_గట్టు: నాయకత్వ శైలుల్లో ఒకటైన 'లెసే-ఫెయిర్'ను మన నోట్సుల్లో 'స్వేచ్ఛాయుత శైలి' అని రాస్తరు, మంచి గుణమేమో అనిపిస్తది. ఎంఎల్‌క్యూ కొలిచేది తప్పించుకోవడాన్ని: నిర్ణయం నాన్చడం, అవసరానికి కనపడకపోవడం. 'పట్టించుకోని తీరు' అనండి. ఎంఎల్‌క్యూకు లైసెన్స్ కొనాలె, తెలుగు అనువాదానికీ అనుమతి కావాలె.

జనగామ_జీఎన్ఎం: ఫారాలు ఇన్‌చార్జి చేతుల మీదుగా పంచితే భయానికి అందరూ ఎంఎల్‌క్యూలో 4కు 4 వేస్తరు! సీల్ చేసే కవరు, తాళం పెట్టిన డబ్బా, అదీ నర్సింగ్ స్టేషన్‌కు దూరంగా. షిఫ్టు మారేటప్పుడే ఇవ్వండి, లేకుంటే నైట్ స్టాఫ్ తప్పిపోతరు. రెండు ఫారాలూ ఒకే కూర్చునుడులో నింపిస్తే ఆరోజు చిరాకు రెండింట్లో పడి సంబంధం లేనిపోనిది పెరుగుతది. రెండు వారాల ఎడం ఉంచి, అమ్మ పేరు మొదటి అక్షరం, సొంత పుట్టినరోజు తేదీ కలిపిన కోడ్‌తో జత చేసుకోవచ్చు.

ఓరుగల్లు_ఎమ్మెస్సీ: 160 మంది నర్సులు, 9 మంది ఇన్‌చార్జిలు. సరిపోతదా అన్నా?

హనుమకొండ_లెక్కలు: శైలి వైపు మీ దగ్గర ఉన్నవి 9 మాత్రమే. ఒకే వార్డు నర్సుల జవాబులు ఒకదాన్నొకటి పోలి ఉంటయి, 160 విడి జవాబులు అనుకుంటే పి-విలువ (ఫలితం యాదృచ్ఛికమా కాదా అని అంచనా వేసే అంకె) మోసం చేస్తది. వార్డులు పెంచండి, ఒక్కో వార్డు నుంచి తక్కువమందిని తీసుకున్నా నష్టం లేదు. విశ్లేషణ బహుళస్థాయి మోడల్‌తో, అంటే నర్సును, వార్డును వేరువేరు మెట్లుగా లెక్కలోకి తీసుకునే పద్ధతితో చేయండి.

మానేరు_గట్టు: మేడారం జాతర నెల, బతుకమ్మ–దసరా వారాలు వదిలేయండి మేడం. సెలవు దొరకని కోపమంతా రోస్టర్ వేసినామె మీదికే పోతది, జాతర డ్యూటీకి పంపే డిప్యుటేషన్ ఆర్డరు పై ఆఫీసు నుంచి వచ్చినా సరే.