పాత 3.14 కెర్నల్‌లో కొత్త ఫై చిప్: డ్రైవర్ వెనక్కి తేవాలా, కెర్నల్ మార్చాలా?

గేట్‌వే_ప్రశ్న:
మా గేట్‌వే పెట్టెల్లోని ఐ.ఎంఎక్స్6 ప్రాసెసర్ మాడ్యూళ్లలో ఏఆర్8035 ఈథర్నెట్ ఫై (ప్రాసెసర్‌ని నెట్‌వర్క్ కేబుల్‌కి కలిపే చిప్) పోయి అడిన్1300 వస్తోంది. ఫీల్డ్‌లో ఉన్నది వెండర్ ఇచ్చిన లినక్స్ 3.14 కెర్నల్. అడిన్ డ్రైవర్ మెయిన్‌లైన్‌లో (అధికారిక లినక్స్ కెర్నల్‌లో) చేరింది 5.4లో. కొత్త బోర్డులో లింక్ అప్ అవుతుంది, గిగాబిట్ మీద పింగ్ వెళ్లదు, 100కి దించితే వెళ్తుంది. ఏ దారి మంచిది?

పాతబోర్డు:
ఇది డిలే సమస్య, అంటే డేటాకీ క్లాక్‌కీ మధ్య ఉండాల్సిన చిన్న ఆలస్యం కుదరలేదు. సరైన డ్రైవర్ లేకపోతే జెనరిక్ ఫై డ్రైవర్ తగులుకుంటుంది. అది స్పీడ్ మాట్లాడుకుంటుంది కానీ ఆర్‌జీఎంఐఐ (ప్రాసెసర్‌కీ ఫైకీ మధ్య డేటా వైర్లు) డిలేల జోలికి పోదు, బోర్డు మీది స్ట్రాప్ రెసిస్టర్లు (పవర్ ఆన్‌లో చిప్ సెట్టింగ్ నిర్ణయించేవి) ఎలా పెడితే అలాగే ఉంటాయి. గిగాబిట్‌లో ఒక్కో బిట్‌కి ఉన్నదే 4 నానోసెకన్లు, అందులో 2 నానోసెకన్ల జరుగుడు తప్పితే డేటా చెడుతుంది. 100లో క్లాక్ 25 మెగాహెర్ట్జే కాబట్టి బతికిపోతుంది.
5.4 ఫైల్‌ని యథాతథంగా తెస్తే కంపైల్ కాదు, అందులో వాడిన ఎంఎండీ (ఫైలోని అదనపు రిజిస్టర్లను చదివే, రాసే) ఫంక్షన్లు 3.14లో లేవు. చిన్న డ్రైవర్ రాయండి. చిప్ ఐడీ హెక్స్ 0283బీసీ30. రిజిస్టర్ హెక్స్ 10లో ఎఫ్ఎఫ్23 అడ్రస్ రాసి, హెక్స్ 11లో విలువ చదివి, 0, 1, 2 బిట్లు (ఆర్‌జీఎంఐఐనీ, రెండు దిశల డిలేలనూ ఆన్ చేసేవి) సెట్ చేసి తిరిగి రాయాలి. మిగతాది జెనరిక్ ఫంక్షన్లకే వదిలేయండి. దీనికోసం కెర్నల్ మార్చడం అనవసరం.

మెయిన్‌లైన్_మనిషి:
ఒప్పుకోను. క్లాక్ సంగతేమిటి? ఈ మాడ్యూళ్లలో 125 మెగాహెర్ట్జ్ రిఫరెన్స్ ఫై నుంచే ప్రాసెసర్‌కి వస్తుంది. పాత చిప్‌కి ఐడీ చూసి ఆ క్లాక్ సరిచేసే ఫిక్సప్ (కెర్నల్‌లోని చిన్న సవరణ కోడ్) ఉండేది, కొత్త ఐడీకి అది నడవదు. యూ-బూట్‌లో (కెర్నల్‌ని లోడ్ చేసే బూట్‌లోడర్‌లో) క్లాక్ ఆన్ చేసినా, ఫెక్ డ్రైవర్ (ప్రాసెసర్‌లోని ఈథర్నెట్ డ్రైవర్) ఫై రీసెట్ పిన్ లాగగానే ఆ సెట్టింగ్ చెరిగిపోతుంది. అంటే మీ చిన్న డ్రైవర్ క్లాక్ సెట్టింగ్ ఉండే ఎఫ్ఎఫ్1ఎఫ్ రిజిస్టర్‌నీ ప్రతి ఇనిట్‌లో (డ్రైవర్ మొదలయ్యేటప్పుడు) రాయాలి. ఇలా ఒక్కొక్కటీ పేరుస్తూ పోతారు. పైగా 3.14కి దీర్ఘకాల మద్దతు 2016లోనే ఆగింది. నెట్‌వర్క్‌కి ఎదురుగా నిలబడే పెట్టెలో అలాంటి కెర్నల్ ఉంచడమే అసలు తప్పు.

పాతబోర్డు:
క్లాక్ మాట నిజమే, అది నేను చెప్పి ఉండాల్సింది. కానీ మీ దారిలోనూ గుంట ఉంది. 5.1 నుంచి ఏఆర్803ఎక్స్ డ్రైవర్ (పాత ఏఆర్8035ది) డివైస్ ట్రీలో (బోర్డు హార్డ్‌వేర్ వివరించే ఫైల్‌లో) ఉత్త ఆర్‌జీఎంఐఐ అని రాస్తే డిలేలు ఆపేస్తుంది. నిన్నటిదాకా నడిచిన పాత బోర్డులే అప్‌గ్రేడ్‌తో మూగబోతాయి. ఆ ఫైల్‌లో ఫై-మోడ్‌ని ఆర్‌జీఎంఐఐ-ఐడీగా (డిలేలు ఫైలోనే ఆన్ చేయమని) మార్చాలి. స్క్రీన్ ఉంటే ఇంకా కష్టం: వెండర్ జీపీయూ డ్రైవర్ వదిలి ఓపెన్ సోర్స్ గ్రాఫిక్స్ డ్రైవర్ ఎట్నావివ్‌కీ, మెసా లైబ్రరీకీ మారాలి, డిస్‌ప్లే పరీక్షలన్నీ మళ్లీ మొదలు.

యూబూట్_వాసి:
అడిగినది గేట్‌వే, స్క్రీన్ లేదు కాబట్టి నా ఓటు కొత్త కెర్నల్‌కే. ఏ దారైనా రెండు రకాల బోర్డులకూ ఒకే ఇమేజ్ నడవాలి. ఫై అడ్రస్ రెండింటిలో వేరుగా ఉండొచ్చు. డివైస్ ట్రీలో ఫై-హ్యాండిల్ (ఏ ఫై వాడాలో చెప్పే పంక్తి) తీసేస్తే ఫెక్ డ్రైవర్ ఫై చిప్‌లు కలిసే బస్ (మేనేజ్‌మెంట్ వైర్లు) వెతికి మొదట దొరికినదాన్ని పట్టుకుంటుంది. తర్వాత నెట్‌వర్క్ వేగం కొలిచే ఐపెర్ఫ్3 రెండు దిశల్లో నడపండి, పెట్టె వేడెక్కాక మళ్లీ నడపండి. ఈ ప్రాసెసర్ గిగాబిట్ పోర్టు పంపేదీ అందుకునేదీ కలిపి సుమారు 470 మెగాబిట్లు దాటదు, 900 రాలేదని ఫైని అనుమానించకండి. చూడాల్సింది ఎత్‌టూల్ కమాండ్‌లో సీఆర్‌సీ ఎర్రర్ల (దారిలో చెడిపోయిన ప్యాకెట్ల) లెక్క: అది పెరుగుతుంటే డిలే ఇంకా కుదరలేదు.